ఒంటరి తల్లి దగ్గర పెరిగిన పిల్లలకు ఏం గుర్తుండిపోతుంది?

చెల్లెమ్మా, నమస్తే.

మీరు రాసింది రెండుసార్లు చదివాను. భర్త పోయి మూడేళ్ళయింది. అనంతపురంలో బట్టల షాపులో సేల్స్‌లో చేస్తున్నారు. పొద్దున తొమ్మిదిన్నరకు పోతే ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. పాప ఎనిమిదో తరగతి, బాబు మూడో తరగతి. "పెద్దయ్యాక వీళ్ళకు నేను గుర్తుంటానా, నేను ఇంట్లో లేకపోవడమే గుర్తుంటుందా?" అని అడిగారు. చివర్లో ఇంకో మాట కూడా రాశారు: "పాప బంగారం. వంట, తమ్ముడు, ఇల్లు అన్నీ అదే చూసుకుంటుంది. దాని గురించి నాకు దిగుల్లేదు."

మీ ప్రశ్నకు ఇప్పటికే చాలామంది ధైర్యం చెప్పారు, మంచిదే. నేను మాత్రం ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. ఈ జవాబులో ఎక్కువ భాగం దాని గురించే.

నేను పెరిగింది ధర్మవరంలో. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా, అప్పుడు అనంతపురం జిల్లానే. మా నాయన 1982లో పోయాడు. అప్పటికి నాకు ఏడేళ్ళు, అక్కకు పదకొండు. అక్కడి నుంచి మమ్మల్ని పెంచింది అమ్మ ఒక్కతే. తర్వాత నేను టీచరునై, ఈ జిల్లాలోని పల్లె హైస్కూళ్ళలోనే పనిచేస్తూ వచ్చాను. ఇప్పుడు హెడ్మాస్టరును. తండ్రి లేని పిల్లలను, తండ్రి ఉండీ లేని పిల్లలను ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాను. ఆ రెండు అనుభవాలతోనే రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు చెప్తాను. మీరు గుర్తుంటారు. మీరు చేసే పని వాళ్ళ కళ్ళకు కనిపిస్తే ఇంకా బాగా గుర్తుంటారు.

మా నాయన పట్టుచీరలు నేసేవాడు. సొంత పెట్టుబడి లేదు. సావుకారి దగ్గర పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డ పోగులు) తెచ్చుకుని చీర నేసి ఇస్తే కూలి ఇచ్చేవాళ్ళు. ఆయన పోయాక అమ్మ అచ్చులు అతికే పని పట్టుకుంది. ఈ పని చూడనివాళ్ళ కోసం చెప్తాను. మగ్గం మీద పడుగు అయిపోయినప్పుడు పాత పోగుల కొసలను అచ్చులోనే, అంటే పోగులు దూరే దువ్వెన లాంటి చట్రంలోనే, ఉంచేస్తారు. కొత్త పడుగులోని పోగులను ఒక్కొక్కటే తీసి వాటికి అతకాలి. రెండు కొసలూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, ఇంత బూడిద అద్ది, ఒక్క మెలి తిప్పాలి. ముడి వేయకూడదు. ముడి వేస్తే అచ్చులో తగులుకుని పోగు తెగుతుంది. ఒక్కో పడుగులో వేల పోగులుంటాయి. కరెంటు పోతే లాంతరు పెట్టుకుని, మగ్గం ముందు గొంతుక్కూచుని, నడుము ఎత్తకుండా చేసే పని. ఈ రోజు ఈ వీధిలో, రేపు ఆ వీధిలో. ఎవరింట్లో పడుగు అయిపోతే అక్కడికి పోవాల్సిందే. వానాకాలం వస్తే మగ్గం గుంతల్లోకి నీళ్ళు ఊరి నేత ఆగిపోయేది. నేత ఆగితే అమ్మకు పని లేదు. అనంతపురం జిల్లాలో వాన కోసం దేవుళ్ళకు మొక్కని ఇల్లుండదు. మా ఇంట్లో మాత్రం వాన పడితే అమ్మ ముఖం మాడిపోయేది. రైతు ఇళ్ళలోని నా స్నేహితులకు ఇది ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు.

ఎండాకాలంలో, విత్తనం వేసే కాలం దగ్గర పడ్డప్పుడు, బుడ్డలు, అంటే చెనిక్కాయలు (వేరుశనక్కాయలు), ఒలిచే పనికి కూడా పోయేది. విత్తనానికి మిషన్లో ఆడిస్తే గింజ పగులుతుంది, పై పొర లేస్తుంది, మొలక రాదు. అందుకే విత్తనాల చెనిక్కాయలు చేత్తోనే ఒలిపించేవాళ్ళు. ఒలిచిన గింజలను కొలిచి కూలి ఇస్తారు. సాయంత్రానికి బొటనవేలి గోరు పక్కన చర్మం చీలి ఉండేది. ఇంటికి రాగానే ఆ వేలికి ఇంత ఆముదం రాసుకుని, గుడ్డపేలిక చుట్టుకుని, మళ్ళీ పొద్దున్నే పోయేది.

ఇన్నేళ్ళ పని ఆమె వేళ్ళ మీద ఎట్లా నిలిచిందో నాకు బాగా తెలిసొచ్చింది రేషన్‌కు వేలిముద్రలు వచ్చాక. మిషన్ మీద ఏ వేలు పెట్టినా పడేది కాదు. గీతలన్నీ అరిగిపోయాయి. చివరకు పెన్షన్‌కు కంటిపాప గుర్తింపు పెట్టారు. ఆ మిషన్ ముందు నిలబడి ఆమె తన బొటనవేలిని తానే తిప్పి తిప్పి చూసుకోవడం నేను చూశాను. అలాంటి తల్లి పిల్లలకు గుర్తుండదేమో అన్న దిగులు మీకు వద్దు.

అయితే నేను చెప్పదలుచుకున్న విషయం వేరే ఉంది. మా అమ్మ చేసిన పనుల్లో అన్నిటికన్నా గొప్పది ఒకటుంది. అది చదువుకున్నవాళ్ళ ఇళ్ళలో కూడా తక్కువగా చూస్తాను. ఆమె ఇంటి లెక్క మా ఎదురుగా చెప్పేది.

వారం కూలి చేతికొచ్చిన రాత్రి అన్నం తిన్నాక మమ్మల్ని కూచోబెట్టేది. చీర కొంగు ముడి విప్పి డబ్బులు చాప మీద పోసేది. మూడు డబ్బాలుండేవి. ఒకటి బాడిగకు, ఒకటి స్టోరు (రేషన్ షాపు) సరుకులకు, ఒకటి పుస్తకాలకు, మందులకు. "ఈ వారం రెండు అచ్చులే. వాన పడింది, చూసినారు కదా. బాడిగ ఇది. సావుకారి బాకీ ఇంతుంది. మిగిలింది ఇదీ." అంతే చెప్పేది. ఏడుపు లేదు, నిట్టూర్పు లేదు, "మీకోసమే ఇంత కష్టపడుతున్నా" అన్న మాట లేదు. ఆ మాట మా అమ్మ నోట నేనెప్పుడూ వినలేదు. డబ్బులు ఎన్నున్నాయో నాకూ తెలుసు కాబట్టి ఉగాదికి కొత్త చొక్కా కావాలని నేను అడగలేదు. అడగలేదన్న బాధ కూడా లేదు. లేదని చెబితే పిల్లవాడు తట్టుకుంటాడు. ఎందుకు లేదో తెలియకపోతేనే ఏదేదో ఊహించుకుంటాడు. అమ్మకు నేనంటే ఇష్టం లేదనుకుంటాడు, లేదా నా వల్లే ఇట్లా అయిందనుకుంటాడు. మా బడిలో ఫీజు కట్టని పిల్లలు, టూరుకు రాని పిల్లలు తలకాయ వంచుకుని కూచున్నప్పుడు పక్కకు పిలిచి మాట్లాడతాను. చాలామందికి ఇంట్లో ఏం జరుగుతోందో ఎవరూ చెప్పి ఉండరు.

నాయన విషయంలోనూ అంతే. మా జేజి (నాయనమ్మ), చుట్టాలు నాకు "మీ నాయన ఊరికి పోయినాడు, వస్తాడు" అని చెప్పేవాళ్ళు. నేను సాయంత్రం బస్సులు వచ్చే వేళకు వాకిట్లో నిలబడేవాణ్ణి. అమ్మ చూసింది. నన్ను లోపలికి పిలిచి, ఎదురుగా కూచోబెట్టుకుని, "మీ నాయన చనిపోయినాడు నాయనా. ఇంక రాడు. రాడు కాబట్టి నువ్వు నిలబడొద్దు" అనింది. నేను ఏడ్చాను, ఆమె కూడా ఏడ్చింది. ఆ తర్వాత నేను బస్సు కోసం చూడలేదు. మీ బాబుకు అప్పుడు ఐదేళ్ళుంటాయి. వాడికి ఎవరు ఏం చెప్పారో ఒకసారి కనుక్కోండి. ఇంకా ఎవరైనా "దేవుడి దగ్గరికి పోయి మిఠాయి తెస్తాడు" లాంటివి చెబుతుంటే మీరే కూచోబెట్టుకుని నిజం చెప్పండి.

రాత్రి తొమ్మిది దాటి ఇంటికి వచ్చి, రోజంతా నిలబడ్డ కాళ్ళతో పిల్లలతో నవ్వుతూ మాట్లాడాలంటే ఎవరివల్లా కాదు. మీరు రాసిన "విసుక్కుంటున్నాను, తర్వాత ఏడుపొస్తోంది" అన్న మాటకు కూడా మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. అమ్మ ఇంటికొచ్చాక మొహం కడుక్కుని, నీళ్ళు తాగి, గోడకు చేరగిలబడి కాసేపు కళ్ళు మూసుకునేది. ఆ కాసేపూ ఆమెను ఎవరూ కదిలించకూడదు. ఇది ఆమె ముందే చెప్పింది: "కోపం కాదు, అలిసిపోయినా. కొంచేపు వదిలేయండి." చెప్పి ఉండబట్టి ఆ మౌనం మాకు భయం పుట్టించలేదు. కళ్ళు తెరిచాక "ఇంక చెప్పండి" అనేది. అప్పుడు ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టేవాళ్ళం. మీరు కూడా పిల్లలకు చెప్పి చూడండి. పావుగంట చాలు. తర్వాతి పావుగంట మాత్రం ఫోను పక్కన పెట్టి వాళ్ళకే ఇవ్వండి.

ఇప్పుడు మీ పాప దగ్గరికి వస్తాను.

ఇది రాయడానికి ముందు మా అక్కకు ఫోన్ చేశాను. ఆమె ఏఎన్ఎం (పల్లె నర్సు) శిక్షణ పూర్తిచేసి, ఆరోగ్య శాఖలో ఉద్యోగం చేసుకుంటూ ప్రొద్దుటూరు దగ్గర స్థిరపడింది. "అక్కా, చిన్నప్పుడు అంటే నీకు మొదట ఏం గుర్తొస్తుంది?" అన్నాను. నన్నడిగితే అమ్మ వేళ్ళు, చాప మీద పోసిన డబ్బులు అంటాను. అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "స్టోరు కాడ లైను" అనింది.

ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యాక 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. మా కడుపులు నిండింది ఆ బియ్యంతోనే. ఆ మేలు నేను మర్చిపోను. కానీ స్టోరు ఏ రోజు తెరుస్తారో, ఎన్ని గంటలకు తెరుస్తారో తెలిసేది కాదు. అమ్మ వరుసలో నిలబడితే ఆ పూట కూలి పోతుంది. అందుకని కార్డు, సంచీ పట్టుకుని అక్క నిలబడేది. బడిలో మొదటి పీరియడ్ లెక్కలు. "బియ్యం వచ్చిన ప్రతిసారీ లెక్కలు పోయేది" అని అక్క అంటోంది. తెచ్చిన బియ్యంలో రాళ్ళు ఏరాలి, కొళాయి దగ్గర బిందె వరుసలో పెట్టాలి, చెనిక్కాయ పొట్టు కూరి పొయ్యి వెలిగించాలి, నాకు తల దువ్వాలి. నేను కిందపడి మోకాలు కొట్టుకుంటే దెబ్బలు తినేది కూడా ఆమే, సరిగ్గా చూసుకోలేదని. ఊరంతా ఆమెను మెచ్చుకునేది. "ఎంత బుద్ధిమంతురాలమ్మా, అచ్చం పెద్దమనిషిలాగా" అనేవాళ్ళు. "ఆ మాట వింటే ఇంకా ఎక్కువ పని చెయ్యాలనిపించేదిరా. చెయ్యకపోతే ఆ పేరు పోతుందని భయం" అని అక్క ఫోన్లో చెప్పింది. పదకొండేళ్ళ పిల్లకు ఆ భయం.

ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే డబ్బులు. నాకు తల్లి గుర్తుంది. అక్కకు పని గుర్తుంది. ఒంటరి తల్లి కష్టం గురించి ఎవరు మాట్లాడినా, చదువుకుని ఉద్యోగాలు తెచ్చుకున్న కొడుకులే ఎక్కువ మాట్లాడతారు. ఆ కొడుకు తిన్న అన్నం వండిన అక్క ఎక్కడా కనపడదు. మీ బాబు రేపు మీ గురించి గొప్పగా చెప్తాడు, అందులో నాకు అనుమానం లేదు. మీ పాప ఏం చెబుతుందన్నదే అసలు ప్రశ్న.

మా అమ్మకు ఈ సంగతి ఎట్లా తెలిసిందంటే, అక్క ఎనిమిదో తరగతి అర్ధ సంవత్సరం పరీక్షల్లో లెక్కల్లో తప్పింది. లెక్కల మేడమ్ ఒకరోజు సాయంత్రం ఇంటికే వచ్చారు. "మీ అమ్మాయికి లెక్కలు రాక కాదు, మొదటి పీరియడ్‌కు ఉండటం లేదు" అని చెప్పి వెళ్ళారు. అమ్మ అక్కను ఒక్క మాట అనలేదు. ఆ వారం కూలి డబ్బులు చాప మీద పోసి లెక్క చెప్పడం అయ్యాక, "ఇప్పుడు పని లెక్క" అనింది. నీళ్ళు, పొయ్యి, బియ్యం ఏరడం, అంట్లు, స్టోరు, ఇల్లు ఊడ్చడం, నా సంగతి. ఒక్కో పని పేరు చెప్పి అక్కడ ఒక్కో చెనిక్కాయ పెట్టింది. పెట్టినవన్నీ అక్క ముందే కుప్పగా పడ్డాయి. నా ముందు ఒక్కటీ లేదు. అమ్మ ఆ కుప్పను చాలాసేపు చూసింది. తర్వాత ఒక్కొక్కటీ జరపడం మొదలుపెట్టింది.

బియ్యం ఏరడం, నీళ్ళ బిందెలు, సాయంత్రం అంట్లు నాకొచ్చాయి. పొయ్యి దగ్గరి పని పొద్దున అమ్మదే అయింది, రాత్రికి అక్కది. స్టోరు లైనుకు పక్కింటి జేజి నిలబడతానంది. బదులుగా ఆమె రవికెలు, బొంతలు అమ్మ కుట్టిపెట్టేది. నేను కొళాయి దగ్గర అంట్లు తోముతుంటే వీధిలో ఒకామె "మగపిల్లోనితో అంట్లు తోమిస్తావేమే?" అనింది. "తిన్న కంచం కడుక్కుంటే వానికేం పోతాది?" అని అమ్మ తిరిగి అడిగింది. ఇంక కొన్నాళ్ళకు సంగటి కెలకడం కూడా నేర్చుకున్నాను. తెడ్డు పట్టుకుని ముద్ద కట్టకుండా తిప్పడం ఇప్పటికీ మా ఇంట్లో నా పనే. అక్క 1987లో పదో తరగతి పాసయింది. ఆ ఏడు లెక్కల్లో వచ్చిన మార్కులు ఆమెకు ఇప్పటికీ నోటికి వచ్చు.

కాబట్టి, చెల్లెమ్మా, ఈ ఆదివారం మీ ఇంట్లో పనులన్నీ ఒక కాగితం మీద రాసి, ఎవరు చేస్తున్నారో పక్కన రాయండి. పిల్లలిద్దర్నీ కూచోబెట్టుకునే రాయండి. మూడో తరగతి పిల్లవాడు తన యూనిఫాం తాను మడత పెట్టుకోగలడు, నీళ్ళ బాటిళ్ళు నింపగలడు, గిన్నెలు సర్దగలడు, బడి సంచీ తానే చూసుకోగలడు. పొద్దున మీరు వంట చేసి పెట్టిపోతే రాత్రికి పాప అన్నం మాత్రం కుక్కర్‌లో పెడితే చాలు. వారంలో కొన్ని రోజులైనా ఆ పిల్ల పొయ్యి ముఖం చూడని సాయంత్రం ఉండాలి. హోటల్లో ఉగ్గాని (బొరుగుల ఉప్మా) కట్టించుకొచ్చి తిన్నా పరవాలేదు. ఎనిమిది నుంచి పదికి పోయే ఈ రెండేళ్ళు చాలా ముఖ్యం. మా బడిలో మంచిగా చదివే ఆడపిల్లలు తొమ్మిదిలో హఠాత్తుగా వెనకబడితే నేను మొదట అడిగేది, ఇంట్లో చిన్నపిల్లలు ఎంతమంది, అమ్మ ఎప్పుడొస్తుంది అనే.

పాపను పొగడొద్దని అనడం లేదు. పని చేసినందుకు మాత్రమే పొగిడితే ప్రమాదం. బొమ్మ గీసినా, స్నేహితురాలితో కబుర్లు చెప్పి ఆలస్యంగా వచ్చినా, ఒక రోజు బద్ధకంగా పడుకున్నా కూడా మీకు అది ఇష్టమైన కూతురేనని దానికి తెలియాలి.

బాబు విషయంలో ఒక జాగ్రత్త. "ఇంటికి మగదిక్కు నువ్వేరా" అని చుట్టాలు పసిపిల్లలకు చెప్తారు. మా చిన్నాయన నాతో అన్నాడు, నాయన దినాల రోజున, అందరి ముందూ. ఏడేళ్ళ పిల్లవాణ్ణి. ఆ రాత్రి తలుపు గడియ సరిగ్గా వేశానో లేదో అని లేచి లేచి చూశాను. అమ్మ గమనించి, "గడియ నేను చూసుకుంటా, నువ్వు పండుకో" అనింది. మర్నాడు చిన్నాయనతో కూడా గట్టిగానే మాట్లాడింది. పెళ్ళిళ్ళలో, నోముల్లో మిమ్మల్ని వెనక నిలబెట్టే సంగతి కూడా పిల్లలు చూస్తారని మర్చిపోకండి. మా మేనమామ ఇంట పెళ్ళిలో అమ్మను హారతి దగ్గరికి రానివ్వలేదు. వచ్చేటప్పుడు దారిలో అక్క అడిగితే, "అది వాళ్ళకు పట్టిన భయం, నా తప్పు కాదు, నీ తప్పు కాదు" అని చెప్పింది. ఏదీ జరగనట్టు ఊరుకుని ఉంటే మేము ఏమనుకునేవాళ్ళమో తెలియదు. అక్క పెళ్ళిలో మాత్రం, అమ్మ పక్కన లేకుండా పీటల మీద కూచోనని అక్కే పట్టుబట్టింది. కూచోబెట్టారు. ఏ అశుభమూ జరగలేదు.

పాపను హాస్టల్లో చేర్చమని ఒకరు మీకు సలహా ఇచ్చారు. కస్తూర్బా విద్యాలయాల్లో (ప్రభుత్వ హాస్టల్ బడులు) ఆరో తరగతి నుంచి ఆడపిల్లలను చేర్చుకుంటారు, తండ్రి లేని పిల్లలకు ప్రాధాన్యం ఉంది, చాలాచోట్ల బాగా చదివిస్తున్నారు. వేరే దారి లేని తల్లులకు అది నిజమైన ఆసరా. కేరళకు, బెంగళూరుకు కూలికి పోయే కదిరి వైపు కుటుంబాల పిల్లలు జేజి దగ్గర ఒంటరిగా మిగిలిపోవడం నేను చూశాను. వాళ్ళకు హాస్టలే మేలు. మీ పరిస్థితి అది కాదు. మీరు రాత్రికి ఇంటికి వస్తున్నారు. పాప తమ్ముడికి దూరమై, మీకు దూరమై, "పని చేయలేకపోతున్నానని పంపించేశారు" అనుకునే వయసు ఇది. పంపాలనే అనుకుంటే అది పాప నిర్ణయంగా ఉండనివ్వండి.

మీలా భర్త చనిపోయినవాళ్ళే కాకుండా భర్త వదిలేసిన తల్లులు కూడా దీన్ని చదువుతుంటారు. వాళ్ళ పిల్లల కష్టం ఇంకో రకం. తండ్రి బతికే ఉంటాడు, సంతకానికి దొరకడు. బడిలో ఎక్కడైనా "తండ్రి సంతకం కావాలి" అంటే గట్టిగా అడగండి. తండ్రి పట్టించుకోని పరిస్థితిలో తల్లే సహజ సంరక్షకురాలు కావచ్చని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలని 2016 డిసెంబరులో మార్చారు. తల్లి ఒక్కతే పెంచుతుంటే పాన్ కార్డుకు తండ్రి పేరు తప్పనిసరి కాదని 2018 డిసెంబరు నుంచి ఉంది. మనోవర్తి (భర్త నెలనెలా ఇవ్వాల్సిన భరణం) 500 రూపాయలకు మించకూడదన్న పాత పరిమితి 2001లోనే తీసేశారు. ఆ అంకె విని కోర్టుకు పోవడం మానుకున్న తల్లులు నాకు తెలుసు. ఇప్పుడు ఎంతన్నది భర్త ఆదాయాన్ని బట్టి కోర్టు నిర్ణయిస్తుంది.

డబ్బు విషయంలో మీరు ఏం రాయలేదు, కానీ తొమ్మిది గంటల దాకా నిలబడే ఉద్యోగమంటే లెక్క నాకు అర్థమవుతుంది. వితంతు పెన్షన్ ఇప్పుడు నెలకు 4,000 రూపాయలు. మీకు ఇంకా మంజూరు కాకపోతే వార్డు సచివాలయంలో అడగండి. తల్లికి వందనం పథకం కింద బడికి పోయే ప్రతి బిడ్డకూ మీ ఖాతాలో డబ్బు పడుతుంది, ఇద్దరి ఆధార్ వివరాలు బడి రికార్డులో సరిగ్గా ఉన్నాయో లేదో ఒకసారి క్లాస్ టీచరును కనుక్కోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామందికి తెలియనిది, మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం. తండ్రి లేని పిల్లలు, విడాకులు తీసుకున్న లేదా భర్త వదిలేసిన తల్లుల పిల్లలు చదువు మానకుండా ఉండటానికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఇస్తారు, పద్దెనిమిదేళ్ళ లోపు. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 మించకూడదు. కమిటీ చూసి ఎంపిక చేస్తుంది కాబట్టి దరఖాస్తు పెట్టిన అందరికీ వస్తుందని చెప్పలేను. మీ జీతం ఆ గీత దగ్గర్లోనే ఉంటుందనుకుంటాను, ఆదాయ ధ్రువపత్రం చేయించుకున్నాక గానీ తేలదు. మీ వీధి అంగన్‌వాడీ టీచరును అడిగితే దారి చెప్తారు. లేదంటే అనంతపురంలో స్త్రీ శిశు సంక్షేమ శాఖ కార్యాలయంలోని జిల్లా బాలల సంరక్షణ విభాగానికి నేరుగా పోవచ్చు. మీ భర్త మరణ ధ్రువపత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆధార్‌లు, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు పాసుపుస్తకం తీసుకుపోండి. ఒక్కోదానికీ రెండు జిరాక్సులు ఉంచుకోండి.

షాపులో సెలవు దొరకదంటారేమో, నెలలో ఒక పూట ఎట్లాగైనా తీసుకోండి. ఆ కాగితాలు పట్టుకుని పాపను మాత్రం పంపకండి, మీరే పోండి. ఏ కాగితం దగ్గరైనా ఆగిపోతే ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.